దర్వాజ చెక్క మీద అత్తమ్మ చెయ్యి

మా అత్తగారు, రావల్కోల్ మాణిక్యమ్మ గారు, పరమపదించారు.

ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. పెన్ను కక్కిన సిరా చూపుడువేలికి అంటింది. ఆవిడ ఉంటే పుల్లటి మజ్జిగలో గుడ్డ ముంచి, నా వేలు పట్టుకుని తుడుస్తూ, "రాసుడంటే కాయితం మీద రాసుడు బిడ్డా, సేతి మీద గాదు" అనేవారు. మజ్జిగ ఇంట్లో ఉంది. గుడ్డ ఉంది. సిరా వేలికి ఉంది. ఆ మాట అనే మనిషి లేరు.

ఆ ఉదయం నేను పాలగిన్నె దగ్గర కాపలా ఉన్నాను. పదునైనవి, బరువైనవి, పగిలేవి మినహాయిస్తే మా ఇంట్లో నాకు దక్కే బాధ్యత అదొక్కటే. ఫోన్ మోగింది. మా బామ్మర్ది రవీందర్.

"బావా, అమ్మ లేస్తలేదు."

"ఇంకొంచెంసేపు పడుకోనీ" అన్నాను.

"లేస్తలేదు బావా" అన్నాడు మళ్లీ.

రెండోసారి వినేసరికి ఆ మాట బరువు తెలిసింది. నా భార్య స్వరూప గది గుమ్మంలో నిలబడి నా మొహం చూసి, ఏమీ అడక్కుండానే గోడకు జారగిలబడిపోయింది. మాడువాసన వచ్చాకగానీ పాల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. పొయ్యి ఆపి, మాడిన గిన్నెను సింకులో పడేసి, కట్టుబట్టలతో రావల్కోల్ బయలుదేరాం. అత్తయ్యగారు ముందురోజు రాత్రి అన్నం తిని, పొయ్యిగట్టు తుడిచి, తుడిచిన గుడ్డను పిండి తీగ మీద ఆరేసి పడుకున్నారట. మేం వెళ్లేసరికి ఆ గుడ్డ ఎండి, అట్టముక్కలా బిగిసి ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

కౌకూర్‌లోని మా కాలనీ సంచిక చదివేవారిలో ఆవిడను కళ్లారా చూసినవారు కొద్దిమందే. కానీ వానాకాలంలో ఉబ్బి బిగుసుకున్న తలుపు అంచుకు కొవ్వొత్తి రుద్దమనీ, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులుంటే లోపలిదాంట్లో చన్నీళ్లు పోసి బయటిదాన్ని గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టమనీ, స్క్రూ వదులైతే ఆ రంధ్రంలో అగ్గిపుల్ల ముక్క దూర్చి బిగించమనీ మీకెవరైనా చెప్పి ఉంటే, ఆ చెప్పినవారి వెనక మా ఆవిడ, మా ఆవిడ వెనక మాణిక్యమ్మ గారు ఉన్నారు. ఈ వానల్లో మీ ఇంటి తలుపు సాఫీగా మూసుకుంటే మనసులో ఆమెకొక నమస్కారం పెట్టుకోండి.

పుట్టిల్లు శామీర్‌పేట, మెట్టిల్లు రావల్కోల్. ఎకరాలున్న ఇంటి కోడలు. పనివాళ్లకు ఎన్నడూ కొదవ లేదు. చీపురు పట్టవలసిన అగత్యం లేని మనిషి చీపురు వదలకపోవడం ఊళ్లో కొందరికి వింత, కొందరికి వినోదం, ఆ ఇంటికి వచ్చిన కోడలికి విషాదం. మామగారు కాలం చేశాక, పొలాలు కొన్ని ప్లాట్లుగా మారాక, రవీందర్ ముందువైపు కొత్త ఇల్లు కట్టాడు. ఆవిడ మాత్రం వెనకనున్న పాత వంటింటిని వదల్లేదు. కొత్తింటి వంటగదికి పొగ పీల్చే యంత్రముంది. ఈ వంటింట్లో కట్టెల పొయ్యి, బూడిద డబ్బా, కుంకుళ్ల బుట్ట, చింతపండు పిప్పి దాచే మట్టి చిప్ప ఉండేవి. ఎవరు అడిగినా, "గాడ నాకు ఊపిరాడది" అనేవారు, నిండుగా పొగలో కూర్చుని.

ఆవిడ లోకంలో చెత్త అనే పదార్థం లేదు. ఇంకా పని దొరకని వస్తువులు మాత్రమే ఉండేవి. పులుసు పిండగా మిగిలిన పిప్పి రాగిచెంబుకు పోయేది. అన్నం వార్చిన గంజి నూలుచీరకు, బియ్యం కడిగిన నీళ్లు గాజుసీసాలకు, పాత దినపత్రిక అద్దానికి. నన్ను అల్లుడిగా అంగీకరించడంలోనూ ఇదే సూత్రం పనిచేసిందని నా చిరకాల అనుమానం.

ఆ అంగీకారం కథ చెప్పాలి. స్వరూపా నేనూ మేడ్చల్‌లో ఒకే కంపెనీ ఆఫీసులో పనిచేసేవాళ్లం. మాది గోదావరి వైపు. మా పెళ్లి రెండిళ్లలోనూ ఎవరికీ ఇష్టం లేకుండా జరిగిపోయింది. మొదటిసారి అత్తవారింటికి వెళ్లినప్పుడు ఆవిడ నాతో మాట్లాడలేదు. కోపం ఒక కారణం, ఆచారం మరొకటి. ఆ ఇంట్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడే పద్ధతి లేదట. నేను ఎదురుగా కూర్చుని తింటుంటే, "స్వరూపా, ఇంకింత అన్నం పెట్టుకుంటడేమో అడుగు" అనేవారు. స్వరూప నావైపు తిరిగి, "పెట్టుకుంటవా?" అనేది. నేను స్వరూపతో, "చాలని చెప్పు" అనేవాణ్ని. చేతికందే దూరానికి దుబాసీ అన్నమాట.

ఆ భోజనంలోనే నా తెల్లచొక్కా మీద పప్పు ఒలికింది. ఎవరూ చూడకుండా దొడ్లోకి వెళ్లి సబ్బు రుద్దాను. పచ్చటి మరక ఒక్కసారిగా ఎర్రబడింది. రుద్దినకొద్దీ నెత్తురులా పాకింది. తొలిరోజే అత్తవారు పొడిచేసిన అల్లుడిలా, గుండెల మీద ఎర్రమరకతో నిలబడిపోయాను. వెనకనుంచి, "అయ్యో బిడ్డా!" అని వినిపించింది. ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. తర్వాతి మాట అంత మెత్తగా లేదు.

"పసుపుకు ఎవలన్న సబ్బు సూపెడ్తరా? గది సబ్బును సూస్తే ఎర్రగైతది. గా అంగి ఇడువు. జల్దీ!"

సబ్బు పోయేదాకా మంచినీళ్లలో జాడించి, చొక్కాను ఎర్రటి ఎండలో ఆరేశారు. "ఇగ దాన్ని సూర్యుడే తింటడు. నువ్వు ముట్టకు" అన్నారు. మామగారి అంగీ నాకు తొడిగారు. అందులో నాలాంటి అల్లుడు ఇంకొకడు పడతాడు. పొద్దు వాలేసరికి నా చొక్కా తెల్లగా ఉంది, స్వరూప దుబాసీ ఉద్యోగం పోయింది. ఆనాటినుంచి నేను "బిడ్డ"నే. నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే, "గారు గీరు ఎందుకు? అత్తమ్మా అంటే నోరు నొస్తదా?" అని నవ్వేవారు. అయినా నా నోటిని ఆ 'గారు' వదల్లేదు. ఆవిడ తీయలేకపోయిన నా మరకల్లో అదొకటి.

చేతిబలానికి ఆవిడ పద్ధతిలో చోటు లేదు. ఏదైనా ముందు నానాల్సిందే. ఒకసారి స్వరూప నాతో దెబ్బలాడి రావల్కోల్ వెళ్లిపోయింది. నేను వెనకాలే పరుగెత్తి, వంటింటి గుమ్మంలో నిలబడి సంజాయిషీ మొదలుపెట్టాను. ఆవిడ అడుగంటిన గిన్నె ముందు కూర్చుని ఉన్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"ఇప్పుడే వస్తివా బిడ్డా? గిండ్ల నీళ్లు వోసిన, ఉప్పేసిన. పొద్దుగాలకు అదే ఊడొస్తది. ఇప్పుడు గీకితే గిన్నెకు గీతలు వడ్తయి, మాడు మాడు లెక్కనే ఉంటది. పో. రేపు రా."

మర్నాడు వెళ్లాను. గిన్నె తళతళలాడుతోంది. స్వరూప సంచీ సర్దుకుని కూర్చుంది. సంసారం గురించి నాకెవరైనా చేసిన బోధ అదొక్కటే, అదీ గిన్నెకు చేశారు.

ఎదురింటి సత్తెమ్మ గురించి చెప్పకపోతే ఈ చిత్రం పూర్తికాదు. వరసకు ఏమీ కాదు. కానీ ఆమె మా అత్తగారిని అక్కా అంటుంది, స్వరూప ఆమెను చిన్నమ్మా అంటుంది. ఇద్దరూ పోట్లాడుకోని పూట లేదు. నేనక్కడున్న ఒక మధ్యాహ్నం సత్తెమ్మ, పచ్చళ్లు పెట్టే తొక్కు జాడీ రెండు ముక్కలతో వచ్చింది.

"అక్కా, జాడీ పాయె."

"జాడీ పోలే, నీ మతి వోయింది. గుడ్డు తే పో."

"గుడ్డా? కూరకా?"

"జాడీకే. కూర వండితే నువ్వు అది గూడ ఇరగ్గొడ్తవ్."

గుడ్డు తెల్లసొనలో మెత్తటి సున్నం కలిపి, రెండు ముక్కల అంచులకూ పూసి, అతికి, గుడ్డతో కట్టి నీడన పెట్టారు. ఆ జాడీ ఇప్పటికీ సత్తెమ్మ ఇంట్లో ఉంది. అతుకు ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. ఆమె నేర్చుకున్నదంతా అలా తిట్లు తిని నేర్చుకున్నదే. నాకూ అవే తిట్లు పడ్డాయిగానీ, నా చేతులకు చేతనైంది చేతులెత్తెయ్యడమే.

పోయినవారిని పొగడడం మన పద్ధతి. కానీ తప్పు చెయ్యని మనిషిగా ఆవిడను ఇక్కడ నిలబెడితే ఆవిడే ఒప్పుకోరు. క్షమించాలి, ఒప్పుకుంటారు. కానీ అది నిజం కాదు. మా కౌకూర్ ఫ్లాట్ హాల్లో పాలరాయి పరిచారు. మేం ఆఫీసుకు వెళ్లిన ఒకరోజు, అక్కడ నేను ఒలికించిన కాఫీ మరక ఆవిడ కంటబడింది. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది తీరుబడిగా రుద్దారు. ఇత్తడికి అమృతమైన నిమ్మరసం పాలరాయికి విషం. మేమొచ్చేసరికి కాఫీ మరక పోయింది. దాని స్థానంలో అరచెయ్యంత మేర మెరుపు చచ్చిపోయి తెల్లటి మచ్చ పడింది. ముట్టుకుంటే గరుకు.

"నిమ్మకాయ మంచిదే" అన్నారు ఆవిడ, మేం ఏమీ అనకముందే. "రాయే కచ్చది." నాసిరకం రాయి అని తీర్పు.

ఆపైన మేం లేనప్పుడల్లా దాని మీద ఏవేవో ప్రయోగాలు జరిగాయని వాసనలను బట్టి తెలిసేది. ఒకరోజు ముగ్గుపిండి, ఒకరోజు కొబ్బరినూనె. రాయి లొంగలేదు. చివరికి టీపాయ్‌ని ఆ మచ్చ మీదికి జరిపారు. ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పగానే మొదటి చూపు టీపాయ్ మీదే. ఎవరైనా చుట్టాలుంటే మాట్లాడుతూనే కాలితో మెల్లగా దాన్ని చోటుకు నెట్టేవారు. ఆ సంగతి మేమూ ఎత్తేవాళ్లం కాదు. పట్టుచీరలకు కుంకుడురసం తప్ప మరోటి తగలనివ్వని ఆ మనిషికి పట్టుదల కూడా పట్టు అంతటిదే. మా హాల్లో ఆ టీపాయ్ ఎందుకు వంకరగా ఉంటుందని అడిగినవారికి వాస్తు అని చెప్పేవాణ్ని.

ఆవిడ సొంత ఇంట్లో మాత్రం ఒకే ఒక్క మరక ఉండేది. అదే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

తలుపును, దాని చట్రాన్ని కలిపి అక్కడ దర్వాజ అంటారు. పాత వంటింటి దర్వాజకు కుడిపక్క నిలువు టేకు చెక్క మీద, నడుమెత్తున, నల్లటి జిడ్డు మరక. పొయ్యి ముందు కింద కూర్చున్న మనిషి గడప దాకా పాకినట్టుగా వచ్చి, అక్కడ చెయ్యి ఆనించి లేచేవారు. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. వంటనూనె, పిండి, పసుపు, చెమట, ఏళ్ల తరబడి అన్నీ కలిసి ఆ చోట పేరుకుని, అరచెయ్యి ఇదీ, వేళ్లు ఇవీ అని గుర్తుపట్టేటంత స్పష్టంగా కట్టింది. స్వరూప చిన్నప్పుడు అది ఆమె తల ఎత్తున ఉండేదట. తర్వాత భుజం ఎత్తుకు, తర్వాత నడుమెత్తుకు దిగింది. కాలేజీలో చేరిన కొత్తలో తల్లిని నిలదీసిందట.

"ఊరందరి ఇండ్లల్ల జిడ్డు తీస్తవ్. గిది కనబడ్తలేదా అమ్మా?"

"మస్తు కనబడ్తది. గది జిడ్డు గాదే, నా సెయ్యి. తీస్తే నున్నగైతది. నున్నగైతే జారుతది. నేను వడితే నువ్వొచ్చి లేపుతవా?"

మాణిక్యమ్మ గారిని కొత్తింటి వరండాలో పడుకోబెట్టి ఊరంతా చుట్టూ చేరినప్పుడు స్వరూప కనిపించలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను. పాత వంటింటి గుమ్మంలో, ఆ మరక మీద తన చెయ్యి పెట్టి నిలబడి ఉంది. వేలికి వేలు సరిపోయింది. ఏడవలేదు. తల్లి ఎదురుగా ఉన్నప్పుడు చూసే చూపుతో ఆ చెక్కను చూస్తోంది. నేను వెనక్కి వచ్చేశాను.

మూడోనాడు చుట్టాలు పలచబడ్డాక చీరల మాట, నగల మాట వచ్చింది. ఆ పాత వంటిల్లు తీసేసి కారు షెడ్డు వేస్తానని రవీందర్ ఎప్పటినుంచో అంటున్నాడు, ఆవిడ ఉండగా ఆ ధైర్యం చెయ్యలేదు. స్వరూప నేరుగా అడిగింది.

"చీరలు అందరు తీస్కోనీ. బంగారం మీ ఇంట్లనే ఉండనీ. నాకు గా వంటింటి దర్వాజ కావాలె తమ్మీ."

"దర్వాజ ఎందుకక్కా?" అతను తెల్లబోయాడు. "టేకు గావాల్నంటే కొత్తది జేపిస్త గద."

"టేకు గాదురా. అమ్మ చెయ్యి ఉంది దాని మీద. గా చెక్క ఒక్కటి ఊడదీసియ్యి, చాలు."

అతను తలూపాడు. "దినాలు అయినంక వడ్లాయనను పిలిపిస్త. మంచిగ పాలిష్ వెట్టిచ్చి…"

"ఏం వెట్టియ్యకు. గట్లనే కావాలె."

"సరే అక్కా. గట్లనే."

దినాలంటే పెద్దకర్మ. ఆ లోపు బట్టలు తెచ్చుకోవడానికి మేం ఒకపూట కౌకూర్ వచ్చాం. నేను గదిలో సంచీ సర్దుతున్నాను. వంటింట్లోంచి స్వరూప గొంతు మామూలుగా, రోజూలాగే వినిపించింది. "అమ్మా, పాలగిన్నె మాడి నల్లగైంది. ఉప్పేసి…" అంతే, ఆగిపోయింది. పరుగెత్తాను. సింకు ముందు, మాడిన గిన్నె ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించి నిలబడి ఉంది. గిన్నె మాడితే తల్లికి ఫోన్ చెయ్యడం ఆ వేళ్లకు అలవాటు. మనసుకు చెప్పకుండానే చేసేశాయి. తల్లి ఫోన్ రవీందర్ దగ్గరుంది. అవతలినుంచి సన్నగా, "అక్కా… నేనక్కా" అని వినిపించింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. మరకకూ మరపుకూ ఒక్క అక్షరమే తేడా అని ఇంతకుముందయితే చమత్కారం చేసేవాణ్ని. ఆ పూట నోరు రాలేదు.

దినాలకు ముందురోజు మైల పోయేలా ఇల్లంతా కడుగుతారు. మేం రావల్కోల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. దూరంనుంచే తెలిసింది, ఇది ఇంట్లోవాళ్లు మొక్కుబడిగా కడిగిన కడుగుడు కాదని. వాకిలి మెరుస్తోంది. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తోమి ఉన్నాయి. తీగల మీద దుప్పట్లు గంజిపెట్టి ఆరేసి ఉన్నాయి. బావి గట్టు మీద ఇత్తడి బిందెలు బోర్లించి ఉన్నాయి, కన్నెత్తి చూడలేనంత పచ్చగా. ఆ వాడకట్టు ఆడవాళ్లంతా ఎవరూ పిలవకుండానే పొద్దున్నే వచ్చారట. వాళ్లకు మేస్త్రి సత్తెమ్మ. కొంగు బిగించి, చెమటలు కక్కుతూ ఎదురొచ్చి, స్వరూప చెయ్యి పట్టుకుంది.

"రా బిడ్డా, సూడు. రేపొచ్చేటోళ్లు ఒక్కలన్న గోడ మీద ఏలు వెట్టి, మాణిక్యమ్మ ఇంట్ల మురికున్నదంటే నేను బతికుండి ఏం ఫాయిద?"

లాక్కుపోయినట్టే వెనక్కి తీసుకుపోయింది. నేను వెనక నడిచాను.

"గీడ సూడు. ఎన్నేండ్ల జిడ్డో గిది. కండ్లు కనబడక ఇడిసినట్టున్నది అక్క, పాపం. పొద్దుగాలకెళ్లి దీని మీదనే కూసున్న. ముందుగాల ముగ్గుపిండి అద్దిన, నూనెంత గుంజింది. గీకలే బిడ్డా, అక్క జెప్పినట్టే నానవెట్టిన. ఎచ్చటి కుంకుడురసంతోని తోమిన. ఆఖరుకు ఆముదం రుద్దిన. సూడు, అద్దం లెక్కున్నది!"

అద్దం లాగే ఉంది. ఆ చెక్క మీద ఏమీ లేదు. టేకు చారలు నిన్ననే చేసినట్టు ఎర్రగా, నిండుగా, అందంగా ఉన్నాయి. నూనెను పిండి పీల్చాలి, జిడ్డును కుంకుడు కరిగించాలి, చెక్క పగలకుండా ఆముదం కాపాడాలి. మాణిక్యమ్మ గారు జన్మంతా చెప్పిన క్రమంలో, ఒక్క మెట్టు తప్పకుండా, ఆవిడ చేతిని తీసేశారు.

వెనక రవీందర్ వచ్చి నిలబడ్డాడు. సున్నం వేసేవాళ్లకు చెప్పాడట, వడ్రంగికి చెప్పాడట, ఆ చెక్క ముట్టొద్దని. ప్రేమకొద్దీ వచ్చేవాళ్లకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? అతని మొహం చూడలేక నేను బిందెలవైపు చూశాను.

స్వరూప చెయ్యెత్తి ఆ చోట పెట్టింది. ఒంటి బరువు దానిమీద మోపింది. చెయ్యి జారింది. పడబోతుంటే నేను మోచెయ్యి పట్టుకున్నాను.

"ఏమైంది బిడ్డా?" సత్తెమ్మ గొంతు మారింది. "గట్ల సూస్తున్నవేంది? సక్కగ వోలేదా?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. పొద్దుటినుంచి నానీ నానీ వేళ్ల కొనలు తెల్లగా ముడతలు తేలాయి. గోళ్ల దగ్గర చర్మం లేచి ఎర్రగా ఉంది. స్వరూప ఏమంటుందోనని నాకు భయం వేసింది. అనదలుచుకుంటే అనడానికి చాలా ఉంది. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"సక్కగ వోయింది చిన్నమ్మా" అంది. "అమ్మ ఉంటే దీన్ని ఏలువెట్టి సూసి, నిన్ను తిట్టేటందుకు ఏం దొరకక పరేషాన్ అవుతుండె."

సత్తెమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే విరిగి, స్వరూప భుజం మీద తల పెట్టి, "ఇగ నన్ను ఎవలు తిడ్తరు బిడ్డా, ఎవలు తిడ్తరు" అని గొంతెత్తి ఏడ్చింది. ఆమె చేసిందేమిటో ఆమెకు నేటికీ తెలియదు. ఈ సంచిక రావల్కోల్ దాకా వెళ్లదు, వెళ్లినా ఆమె చదవదు, చదివి వినిపించేవాళ్లెవరైనా ఉంటే ఈ పేజీ వదిలెయ్యమని ప్రార్థన.

గీకలేదు స్వరూప. పొయ్యి ముందు కూర్చున్న ఆ మనిషి నాకు కళ్లముందు కనిపించారు.

తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్ దాటాక స్వరూప, నాతో కాదన్నట్టుగా అంది: "మరక తీసేటందుకు ఎన్ని చెప్పింది అమ్మ. పోయిన మరకను మళ్ల తెచ్చుకునేటందుకు ఒక్కటి చెప్పలే." రవీందర్ చెక్క ఊడదీసి పంపిస్తానని ఇంకా అంటూనే ఉన్నాడు. వద్దంది. "ఉండనీ తమ్మీ, మంచిగున్నది దర్వాజ" అంది. అతనూ షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

దినాలయ్యాక ఇంటికొచ్చిన సాయంత్రం హాల్లో ఏదో ఈడ్చిన చప్పుడైంది. టీపాయ్‌ని స్వరూప ఒక్కతే గోడవరకూ జరిపింది. నేల మీద, అన్నేళ్లుగా మేమందరం మర్యాదగా చూడనట్టు నటించిన ఆ తెల్లమచ్చ బయటపడింది. మాణిక్యమ్మ గారి చేతిలో నిమ్మచెక్క ఎంత మేర తిరిగిందో అంత మేర. దానిపక్కన కూర్చుని, అరచెయ్యి దానిమీద పెట్టింది. గరుకుగా ఉంటుంది అక్కడ. చెయ్యి జారలేదు. అప్పుడు ఏడ్చింది, చచ్చిపోయిన మనిషి కోసం ఏడవాల్సినట్టుగా, మొదటిసారి.

మర్నాడు పై అంతస్తులో ఉండే ఒకావిడ పరామర్శకు వచ్చారు. మావైపు వారే, మనసున్న మనిషి. కూర్చుని, నాలుగు మంచిమాటలు చెప్పి, ఓదార్చే మాటలు అయిపోయాక చూపు నేల మీద పడింది. "అయ్యో, ఇక్కడ రాయి పాడైందేమ్మా. మెషీన్‌తో పాలిష్ పట్టేవాళ్లున్నారు, మా ఇంట్లో చేయించాం. చెప్పి పంపమంటారా?"

"వద్దండీ" అంది స్వరూప. "అది మా అమ్మ చెయ్యి."

అత్తయ్యగారూ, రాయే కచ్చదని మీరు పైనుంచి వాదిస్తూనే ఉంటారని తెలుసు. టీపాయ్ చోటు మారినందుకు మీరు ఎంత అవమానపడుతున్నారో కూడా తెలుసు. పాలగిన్నెలో నీళ్లు పోశాం, ఉప్పు వేశాం, గీకలేదు, అది రేపటికి వదులుతుంది. ఊళ్లో ఇళ్లన్నీ శుభ్రం చేసిపోయిన మీకు ఈ చేతకాని అల్లుడు సమర్పించగల నివాళి ఒక్కటే. మా ఇంట్లో ఆ ఒక్క చోట ఎన్నటికీ ఏమీ రుద్దం.